సర్కారు అనుదాన్‌తో వచ్చిన వ్యాయామశాల, వాలీబాల్ కోర్టు: మూడేళ్లకు పైగా వాడాక

కరోనా తర్వాత మా ఊరి క్రీడా మండల్‌కు, అంటే ఆటల సంఘానికి, సర్కారు అనుదాన్ (గ్రాంటు) కింద బహిరంగ వ్యాయామశాల, వాలీబాల్ కోర్టు సామాను వచ్చాయి. సామాను ఎలా ఉంది, ఆ అనుదాన్ ఎలా పనిచేసింది, రెండిటి గురించీ రాస్తున్నా. మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా, ప్రాణహిత నది ఒడ్డు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ. నాకు జెరాక్స్ షాపు ఉంది కాబట్టి మండల్ కాగితాల పని మొదటి నుంచీ నా నెత్తినే పడింది.

ఒక్క ముక్కలో నా అభిప్రాయం: సామాను కొనడానికి సర్కారు దగ్గర డబ్బుంది, దాన్ని నడపడానికి లేదు. కరోనా వచ్చి మా మండల్‌ను దెబ్బకొట్టింది రెండోదాంట్లో. సాయం వచ్చింది మొదటిదాంట్లో.

లాక్‌డౌన్ పడేనాటికి మా వాలీబాల్ టీముల్లో సగం మంది ఊళ్లో లేరు. ఏటా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి ఏరడానికి తెలంగాణ పోవడం ఇక్కడ మామూలే. ఆడా మగా కుటుంబాలతో పోతారు. ఆ ఏడు చాలామంది అడవి దారుల్లో నడుచుకుంటూ ఇంటికొచ్చారు. చేతిలో కూలి డబ్బులే సరిగా లేనప్పుడు మండల్ నెల చందా ఎవరిని అడుగుతాం? సంక్రాంతి పోటీలకు టీములు కట్టే ప్రవేశ రుసుము, ఊళ్లో వ్యాపారులిచ్చే బహుమతి డబ్బు, అన్నీ ఆగిపోయాయి. నెట్లు, బంతులు దాచుకునే గదికి కిరాయి మాత్రం ఆగలేదు, కరెంటు బిల్లూ ఆగలేదు. ఆ రోజుల్లో మాకు కావలసింది ఆ కిరాయే.

అప్పుడు సర్కారు ఖజానా పరిస్థితి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. 2020 మే 4న మహారాష్ట్ర సర్కారు ఒక జీఆర్ (సర్కారు ఉత్తర్వు) తీసింది. ఆ ఏడాది బడ్జెట్‌లో 33 శాతమే ఖర్చు పెట్టుకోవాలి, కొత్త పనులు మొదలుపెట్టొద్దని దాని సారం. అంతకు నెల ముందే కేంద్రం ఎంపీ నిధులను రెండేళ్లకు ఆపేసింది. ఎంపీకి ఏటా వచ్చే 5 కోట్లలో నుంచే కదా ఊరూరా జిమ్ సామాను, కోర్టులు వచ్చేవి, ఆ దారీ మూసుకుపోయింది. 2021 నవంబర్‌లో తిరిగి తెరిచారు గానీ ఆ ఆర్థిక సంవత్సరంలో మిగిలిన కాలానికి ఇచ్చింది 2 కోట్లే. మహారాష్ట్రలో జిమ్‌లు మళ్లీ తెరుచుకోవడానికి అనుమతి వచ్చింది 2020 దసరాకు, అక్టోబర్ 25న. ఏప్రిల్ 2021లో రెండో వేవ్‌కు మళ్లీ మూత.

మిగిలినవి క్రీడా శాఖ పాత స్కీములు: వ్యాయామశాల వికాస్ అనుదాన్, క్రీడాంగణ వికాస్ అనుదాన్. ఇవి కరోనా కోసం పుట్టినవి కావు. మేం అర్జు పెట్టేనాటికి గరిష్ఠ పరిమితి 7 లక్షలని ఉండేది. పేర్లలోనే ఉంది చూడండి, వ్యాయామశాల, క్రీడాంగణ. మండల్‌కు అని ఎక్కడా లేదు.

ఇదే సమయంలో ఇంగ్లండ్‌లో ఏం చేశారో తర్వాత చదివాను. అక్కడి స్పోర్ట్ ఇంగ్లండ్ అనే సంస్థ 2020 మార్చి 31న 19.5 కోట్ల పౌండ్ల ప్యాకేజీ ప్రకటించింది. అందులో 2 కోట్ల పౌండ్లు చిన్న క్లబ్బుల అత్యవసర నిధి. ఒక్కో క్లబ్‌కు 300 పౌండ్ల నుంచి 10,000 పౌండ్ల దాకా. ఆట ఆగిపోయినా ఆగని కిరాయి, బిల్లుల్లాంటి ఖర్చుల కోసం. వాళ్ల దేశం వేరు, మన దేశం వేరు, అది నాకూ తెలుసు. కానీ 300 పౌండ్లంటే అప్పటి లెక్కలో ముప్పై వేల రూపాయలకు కాస్త తక్కువ. అంత డబ్బుతో మా మండల్ రెండేళ్లు తల ఎత్తుకుని బతికేది.

ఇక కాగితాలు. మండల్ రిజిస్ట్రేషన్, ఆడిట్ లెక్కలు, స్థలానికి సాత్‌బారా (భూమి రికార్డు), గ్రామపంచాయతీ ఠరావ్ (తీర్మానం), ఇంజినీరు వేసిన అంచనా. తర్వాత తాంత్రిక మాన్యత (ఇంజినీర్ల ఆమోదం), ఆ పైన ప్రశాసకీయ మాన్యత (పై ఆఫీసు మంజూరు). స్థలం పంచాయతీది కాబట్టి చివరికి అర్జు పంచాయతీ పేరు మీదే పోయింది, మా మండల్ వాడుకునే సంస్థగా మిగిలింది. ఇదొక రకంగా మంచిదే అయింది. ఎందుకంటే రెండో వేవ్‌లో మా అధ్యక్షుడు పోయారు. ఊరంతా మామ అని పిలుచుకునే మనిషి. బ్యాంకు ఖాతాకు ఆయన సంతకం ఒకటి. కార్యవర్గంలో మనిషి మారితే పబ్లిక్ ట్రస్ట్ చట్టం కింద 90 రోజుల్లోగా చేంజ్ రిపోర్ట్ పెట్టాలి, అది మంజూరై వచ్చేదాకా బ్యాంకు వాళ్లు ఖాతా కదలనివ్వరు. మహమ్మారిలో మనిషి పోయిన మండళ్లకు ఈ గడువు ఎలా ఉంటుందో అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది. ఇంట్లో వాళ్లు దుఃఖంలో ఉంటే మరణ ధ్రువపత్రం జెరాక్స్ కావాలని గడప ముందు నిలబడటం నాకు అస్సలు మనసొప్పలేదు.

జిల్లా కేంద్రం మాకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఆలాపల్లి దాకా రోడ్డు సంగతి ఈ వైపు తిరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక్క సంతకం మిస్సయితే రెండు రోజులు పోతాయి. కొందరు నది దాటి మంచిర్యాలలో రైలెక్కి బల్లార్షాలో దిగి పోతారు. చుట్టు తిరుగుడే, కానీ నడుము నిలుస్తుంది.

సామాను దిగింది. ఎయిర్ వాకర్ (నిలబడి కాళ్లు ఊపే మిషన్), ట్విస్టర్ (నడుము తిప్పే పళ్లెం), కూర్చుని తొక్కే లెగ్ ప్రెస్, ఛాతీ మిషన్, పుల్‌అప్ బార్, సిటప్ బెంచీ. పక్కన వాలీబాల్ పోల్స్, నెట్టు. పోల్స్‌ను కాంక్రీటులో పాతి పెట్టారు.

ముందు బాగున్నది చెప్తా. పొద్దున అయిదున్నరకు వెళ్తే ట్విస్టర్ దగ్గర ఆడవాళ్ల వరుస ఉంటుంది. ఇది నేను ఊహించలేదు. మా మండల్ పుట్టినప్పటి నుంచీ మగపిల్లల అడ్డానే. ఆరుబయట సామాను పెట్టేసరికి తాళం లేదు, చందా లేదు, ఎవర్ని అడగాల్సిన పని లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మలు, అక్కలు చీర కొంగు నడుముకు దోపి మరీ ఎక్కుతున్నారు. కరోనా తర్వాత ఆయాసం తగ్గక బాధపడ్డ ఒకరిద్దరు, డాక్టరు నడవమన్నాడని చెప్పి, ఎయిర్ వాకర్ మీద మెల్లగా మొదలుపెట్టారు. అది వైద్యమని నేననను. కానీ ఇంట్లో నుంచి బయటికి వచ్చారు కదా. ఈ ఒక్కదానికి అనుదాన్‌కు పూర్తి మార్కులు వేస్తా.

పుల్‌అప్ బార్ గట్టిది. ఇన్నేళ్లలో వెల్డింగ్ ఎక్కడా ఊడలేదు. కదిలే భాగాలు లేని సామాను కలకాలం ఉంటుంది, కదిలే భాగాలున్నది ఉండదు. కొత్తగా అడిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

బాగోలేనిది వాలీబాల్ పోల్. మగవాళ్లకు నెట్టు ఎత్తు 2.43 మీటర్లు, ఆడపిల్లలకు 2.24. మాకొచ్చిన పోల్స్‌కు కొక్కెం ఒక్కటే ఉంది, మగవాళ్ల ఎత్తులో. జరిపేందుకు స్లైడర్ లేదు, రెండో కొక్కెం లేదు. ఆడపిల్లల టీము కొన్నాళ్లు నెట్టును తాడుతో కిందికి లాగి కట్టుకుని ఆడింది. మధ్యలో జారిపోయేది, పైన వదులు, కింద బిగువు. ఆడిన పిల్లలు పోటీకి పోయి సరైన నెట్టు చూసేసరికి లెక్క తప్పేవాళ్లు. వెల్డింగ్ షాపులో రెండో కొక్కెం పెట్టించడం గంట పని. అయితే సామాను పంచాయతీ డెడ్‌స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కిన సర్కారీ ఆస్తి, ఠరావ్ లేకుండా దాని మీద చిల్లు వేయకూడదు. గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి) చెప్పింది రూల్ ప్రకారం సరైనదే. ఆ ఠరావ్ కోసం మాసిక సభ దాకా ఆగాం. ఇప్పుడు రెండు కొక్కేలున్నాయి. పోల్ నమూనా తయారుచేసిన మహానుభావుడికి ఆడపిల్లలు కూడా వాలీబాల్ ఆడతారని ఎవరైనా చెప్తే బాగుండు.

2022 జులైలో గోదావరి, ప్రాణహిత రెండూ పొంగాయి. తాలూకాలో చాలా ఊళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. మా మైదానంలో నీళ్లు నిలిచాయి, తీశాక చూస్తే మోకాలి కింద దాకా ఒండ్రు. ట్విస్టర్ పళ్లెం తిరగదు, వాకర్ ఒక కాలు కదులుతుంది, ఇంకో కాలు కదలదు. సరఫరా చేసిన కంపెనీ స్టిక్కర్ మీద నంబరు ఉంది. ఆ నంబరు ఎప్పుడు చేసినా స్విచ్చాఫే. మా ఊరి సైకిల్ షాపు అబ్బాయి బోల్టులు విప్పి, కిరోసిన్‌తో కడిగి, గ్రీజు కొట్టి మూడు మిషన్లు లేపాడు. వాకర్ బేరింగ్ పూర్తిగా పోయింది. పాతది జేబులో వేసుకుని బండ్ల స్పేర్‌పార్ట్స్ షాపుకు పోయి సైజు కొలిపిస్తే అక్కడే దొరికింది. దాని ఖరీదు ఎవరి లెక్కలో రాయాలి? అనుదాన్‌లో మరమ్మతు పద్దు లేదు. పంచాయతీలో ఉన్న కొంచెం నిధి వరద తర్వాత మోరీలకు, నల్లాలకు పోయింది, పోవాలి కూడా. చివరికి టోపీ తిప్పి అందరి దగ్గరా చందా పోగుచేశాం. ఇప్పటికీ అంతే. "బిడ్డా, ఈ తొక్కుడు మిషన్ ఏడుస్తున్నది, జర నూనె పొయ్యరాదు" అని అడిగే అవ్వే పది రూపాయలు చేతిలో పెడుతుంది.

లైట్ల సంగతి రెండు మాటల్లో: ఫ్లడ్‌లైట్ ఒకటి మంజూరైంది, మీటరు బిల్లు ఎవరు కట్టాలన్నది మంజూరు కాలేదు. సాయంత్రం ఆట చీకటి పడగానే ఆపేస్తాం.

ఇంకో సంగతి. మా పిల్లల్లో పదిలో ఎనిమిది మంది చూపు పోలీస్ భర్తీ మీద. మైదానం పరీక్షలో మగపిల్లలకు 1600 మీటర్లు, 100 మీటర్లు, గోళాఫేక్ (ఇనుప గుండు విసరడం). ఆడపిల్లలకు 1600 బదులు 800. గోళం మగవాళ్లకు 7.26 కిలోలు, ఆడవాళ్లకు 4. అంటే వాళ్లకు కావలసింది రెండు ఇనుప గుండ్లు, ఒక కొలత టేపు, ఒక స్టాప్‌వాచ్. ఒక్క ఎయిర్ వాకర్ డబ్బులో ఇలాంటి సెట్లు ఎన్ని వస్తాయో లెక్కేసుకోండి. మాకొచ్చిన జాబితాలో ఒక్కటి కూడా లేదు. పిల్లలే చందా వేసుకుని కొన్నారు. గడ్చిరోలి పోలీసులు పెట్టే బిర్సా ముండా వాలీబాల్, వీర్ బాబూరావ్ శేడ్మాకే కబడ్డీ పోటీలకు పోవాలన్నా అసలు ఖర్చు బండి కిరాయి, దారిలో తిండి. దానికీ ఏ అనుదాన్ లేదు.

నడిపే ఖర్చు ఇచ్చే స్కీమే లేదా అంటే ఉంది. కేంద్రం 2020 జూన్‌లో ప్రకటించిన ఖేలో ఇండియా సెంటర్లకు కోచ్ జీతం, సామాను, పోటీలకు పోవడం లాంటి వాటి కోసం ఏటా 5 లక్షల సాయం ఉంది. దేశం మొత్తానికి వెయ్యి సెంటర్లన్నారు. జిల్లాకు ఒకటో రెండో వస్తే అవి జిల్లా కేంద్రం చుట్టూనే ఉంటాయి, కోచ్‌గా పాత ఛాంపియన్ ఉండాలి. మా ఊరి కోచ్ మాజీ ఛాంపియన్ కాదు, మాజీ మేస్త్రీ. సర్వీస్ మాత్రం బ్రహ్మాండంగా నేర్పుతాడు.

రేటింగ్ అడిగితే: సామానుకు అయిదులో మూడున్నర, అనుదాన్ తీరుకు రెండు. అర్జు పెట్టొద్దని మాత్రం అనను, పెట్టండి. అంచనా వేసే ఇంజినీరు పక్కన కూర్చుని, కదిలే మిషన్లు తగ్గించి బార్లు, బెంచీలు ఎక్కువ రాయించండి. వాలీబాల్ పోల్‌కు రెండు ఎత్తులు అని అంచనాలోనే ఎక్కించండి. నది ఒడ్డు ఊళ్లయితే పునాది గద్దె ఎత్తు పెంచమనండి, గద్దె పెరిగితే వచ్చే ఖర్చు మరమ్మతు కంటే తక్కువ. సామాను దిగిన రోజు అందినట్టు సంతకం పెట్టే ముందు ప్రతి మిషన్ ఎక్కి తొక్కి చూడండి, గ్రీజు పెట్టే చోటు ఎక్కడుందో ఫిట్ చేసే కుర్రాడితోనే చూపించి ఫోన్‌లో వీడియో తీసుకోండి. కంపెనీ నంబరు కంటే ఆ కుర్రాడి నంబరు తీసుకుంటే పనికొస్తుంది.