వంటగదిలో డిజిటల్ కాటా: ఎనిమిది నెలలు వాడాక

మా హోటల్ చిన్నది. పన్నెండు బల్లలు, వంటగదిలో నలుగురు. ఎనిమిది నెలల కిందట ఐదు కిలోల దాకా తూచే, గ్రాము తేడా కూడా చూపించే డిజిటల్ కాటా ఒకటి కొన్నాను. అప్పటికి బల్లలు నిండుతున్నాయి, నెలాఖరుకి మాత్రం చేతిలో ఏమీ మిగలట్లేదు. రేట్లు పెంచడం తప్ప దారి లేదనుకుని కొత్త మెనూ కార్డులు అచ్చుకి కూడా సిద్ధం చేశాను. కాటా వచ్చాక వాటిని ఆపేశాను.

మాంసం కూర ప్లేటుకి 150 గ్రాముల ముక్కలని మా లెక్క. రద్దీగా ఉన్న ఒక రాత్రి పది ప్లేట్లు వరసగా తూచాను. మొదటి రెండూ 151, 148. ఆర్డర్లు మీద పడేసరికి 166, 172, 169! మా మాస్టర్ మనసు చివుక్కుమంది. "నా చెయ్యి మీద నమ్మకం పోయిందా అక్కా?" అన్నాడు. నేను ఏమీ అనకుండా కాటాని అతని వైపు తిప్పాను. అంకె చూశాడు, తర్వాత చేతిలో గరిటె చూసుకున్నాడు. దాని లోతు ఎక్కువ, తొందరలో నిండుగా ముంచితే అంతే వస్తుంది. మర్నాడే గరిటె మార్చాం. ఇప్పుడు ప్రతి ప్లేటూ తూచం, వారానికోసారి గరిటెడు తూచి చూసుకుంటాం.

పదిహేను గ్రాములకి ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. అమ్మకం 100 అనుకుంటే మా దగ్గర సరుకులకి 33, జీతాలకి 30 పోతాయి. అద్దె, గ్యాసు, కరెంటు, రిపేర్లు, పాడైనవీ పారబోసినవీ అన్నీ కట్టాక నాకు మిగిలేది 5. ఆ 33లో మాంసం వాటా 20. పది శాతం ఎక్కువ వడ్డిస్తే 2 పోయినట్టే, అంటే నా లాభంలో 40 శాతం. సరుకు ఖర్చుకి మూడింతలు గుంజుతున్నామని ఎవరైనా అన్నప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. ఆ మూడింతల్లో మా చేతికొచ్చేది ఎంతో వాళ్లకి కనపడదు.

సరుకు దింపుకునేటప్పుడు కూడా ఇదే కాటా పనికొచ్చింది. కిలో అని రాసున్న గడ్డకట్టిన రొయ్యల ప్యాకెట్టు మంచు కరిగి నీళ్లు వడిశాక 810 గ్రాములు తూగింది. ఉల్లిపాయలు పొట్టు, మొదళ్లు తీసేస్తే పది కిలోలకి తొమ్మిదే చేతికొచ్చాయి. మేం ఇన్నాళ్లూ కొన్న రేటునే వంటకం లెక్కలో వేసుకున్నాం. వాడుకునే ఉల్లిపాయ కిలో నిజానికి 11 శాతం ఎక్కువ పడుతోంది.

తూకాలు చేతిలో ఉన్నాక ఒక్కో వంటకానికి లెక్క కట్టాను. సరుకు ఖర్చు 40 శాతం ఉందని మాంసం కూరని మెనూలోంచి తీసేద్దామనుకున్నదాన్ని. కూరగాయల వంటకానికి 25 శాతమే. కానీ మాంసం కూర ధర దానికి రెండున్నర రెట్లు, కాబట్టి ప్లేటుకి మిగిలేది రెట్టింపు. అమెరికాలో ఇద్దరు అధ్యాపకులు 1982లో చెప్పిన మెనూ ఇంజనీరింగ్ పద్ధతి కూడా శాతాన్ని కాకుండా ప్లేటుకి మిగిలేదాన్ని, అది ఎన్ని ప్లేట్లు పోతుందో దాన్ని చూడమంటుంది. కూర మెనూలోనే ఉంది.

ఇక లోపాలు. మసాలా చిటికెడు చిటికెడుగా వేస్తే అంకె కదలదు, కాటా దాన్ని సున్నాగానే సర్దేసుకుంటుంది. అందుకని మసాలా డబ్బానే కాటా మీద పెట్టి, సున్నా చేసి, చెంచాతో తీస్తున్నాం. ఎంత తీస్తే అంత మైనస్‌లో చూపిస్తుంది. రెండు నిమిషాలు ముట్టుకోకపోతే ఆరిపోతుంది, గిన్నె బరువు మళ్లీ మొదట్నుంచి సరిచేసుకోవాలి. బ్యాటరీ తగ్గితే అంకెలు ఊగుతాయి కాబట్టి అడాప్టర్ ఉన్నదే కొనండి. అనుమానం వచ్చినప్పుడల్లా కొలత గిన్నెతో లీటరు నీళ్లు పోసి చూస్తాను, కిలోకి రెండు మూడు గ్రాములు అటూ ఇటూగా వస్తోంది.

పొయ్యి పక్కన మాత్రం పెట్టకండి. ఆవిరికి మాదాని అద్దం లోపల చెమ్మ పట్టి మూడు రోజులు అంకెలు కనపడలేదు. ఇప్పుడు గోడవైపు బల్ల మీదికి మార్చాం. పైప్లేటు ఊడదీసి కడుక్కునే రకమైతే ఇంకా మంచిది. మాది ఊడదు, అంచు కింద చేరే నూనెని ప్రతి రాత్రీ పుల్లకి గుడ్డ చుట్టి తుడవాల్సి వస్తోంది.