ఉమ్ము, నిష్ఠీవనం: ఒకే క్రియకు రెండు మాటలు

నోటిలోని తడిని బయటికి విడిచే పనికి తెలుగులో రెండు మాటలున్నాయి. ఒకటి ఇంటిది, మరొకటి సంస్కృతం నుండి వచ్చినది.

‘ఉమ్ము’ ద్రావిడ పదం. పాత రూపం ‘ఉమియు’, తమిళ మలయాళాల్లోని ‘ఉమిళ్’ దీనికి తోబుట్టువులు. ఉమ్మడం పనికీ, ఉమ్మి పదార్థానికీ పేర్లు కాగా, ‘ఉమ్ము’ అన్న రూపం ఆ రెండింటికీ చెల్లుతుంది.

‘నిష్ఠీవనం’ చరిత్ర మరింత ఆసక్తికరం. దీని మూలమైన ‘ష్ఠివ్’ ధాతువుకు (క్రియామూలానికి) సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం ‘నిరసనే’ అని అర్థం చెప్పింది. అక్కడ నిరసన అంటే బయటికి విసిరివేయడమే. ఆ మాటే నేటి తెలుగులో అసమ్మతిని తెలపడంగా మారింది. ధాతువు మొదట ఉన్న షకారం సకారం కావాలని పాణిని సూత్రం చెబుతుండగా, ఈ ధాతువుకు మాత్రం ఆ సూత్రానికి అనుబంధ వివరణ అయిన వార్తికం మినహాయింపు ఇచ్చింది. లాటిన్ ‘స్పుయో’, గ్రీకు ‘ప్ట్యూఒ’ కూడా దీని బంధువులే. వీటన్నిటికీ మూలం ఉమ్మేటప్పుడు పెదవుల వద్ద పుట్టే చప్పుడేనని భాషావేత్తలు భావిస్తారు. మన ‘తుపుక్కు’ సైతం అలాంటి అనుకరణమే కాని, ఆ కుటుంబానికి చెందినది కాదు.

వాడుకలో నిష్ఠీవనం దాదాపు కనబడదు. ‘రక్తష్ఠీవనం’ వంటి వైద్య పదాల్లో దాని ధాతువు మిగిలింది. సాధారణ రచనలో ‘ఉమ్ము’ను మొరటుమాటగా ఎంచి పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు.