కప్పల వ్యాపారం: బ్యాన్ మేలా, ఫారం మేలా?

కప్పల మాట ఎత్తితే చాలు ఎవరో ఒకరు అడుగుతారు, అంతరించిపోతున్నాయి అంటున్నారు కదా, కోళ్లలాగా ఫారంలో పెంచి అమ్మితే అడవిలో పట్టడం దానంతటదే ఆగిపోదా, ఈ బ్యాన్ల గోల ఎందుకు అని. ఈ మధ్య మరీ ఎక్కువగా అడుగుతున్నారు కాబట్టి నా లెక్క ఒకసారి చెప్పేస్తా.

ముందు బ్యాన్. దీని బలహీనత ఏంటో అందరికీ తెలిసిందే, ఒకచోట ఆపితే పక్కచోట మొదలవుతుంది. ఇండియా 1987లో కప్ప కాళ్ల ఎగుమతి ఆపేసింది, ఇక్కడ ఆగింది గానీ యూరప్‌లో తినేవాళ్లు తింటూనే ఉన్నారు, ఆ వ్యాపారం మెల్లగా ఇండోనేషియాకి మారింది. 2010 నుంచి 2019 దాకా ఈయూ దేశాలు తెప్పించుకున్నది 40 వేల టన్నుల పైనే, అందులో ముప్పాతిక వంతు దాకా ఇండోనేషియాదే, అదీ ఎక్కువగా పొలాల్లో, చిత్తడి నేలల్లో పట్టినవే. ఇంకో చిక్కు, ప్రమాదంలో ఉన్న జీవుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న సైటీస్ ఒప్పందం చూసేది దేశాల మధ్య వ్యాపారాన్నే. టిటికాకా సరస్సు కప్పని 2016లో ఈ ఒప్పందంలో అన్నిటికన్నా కఠినమైన లిస్టు అపెండిక్స్ 1లో పెట్టారు, మంచిదే, కానీ పెరూలో దాన్ని మిక్సీలో వేసి జ్యూస్ చేసి తాగేవాళ్లని ఆపాలంటే అక్కడి చట్టం, అక్కడి పోలీసులే దిక్కు.

సరే, మరి ఫారం? ఇక్కడ నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఒక్కటే, ఆ ఫారానికి అడవితో అవసరం ఎప్పటికైనా తీరుతుందా లేదా. తీరకపోతే అది ఫారం కాదు, అడవి సరుకు కొనే ఇంకో పెద్ద కస్టమర్.

కప్పలకి దూరపు చుట్టం, తోక ఉండే పెద్ద ఉభయచరం, చైనా జెయింట్ సాలమాండర్ సంగతే చూడండి. ఫారాలు లెక్కలేనన్ని, వాటిలో జంతువులు లక్షల్లో, చూసేవాళ్లకి ఈ జాతికి ఢోకా లేదనిపిస్తుంది. అడవిలో మాత్రం దాదాపు కనపడకుండా పోయింది. ఎందుకంటే గుడ్లు పెట్టించడానికి పెద్దవాటిని వాగుల్లోంచే తెచ్చుకుంటూ పోయారు, ఫారంలో పుట్టినవాటితో మళ్లీ పిల్లలు తీయడం అంత తేలిక కాలేదు. పైగా మంచి చేద్దామని ఫారం పిల్లల్ని నదుల్లో వదిలారు, తీరా 2018లో జన్యు పరీక్షలు చూస్తే మనం ఒకటే అనుకుంటున్న ఆ జాతి కనీసం ఐదు జాతులని తేలింది, అప్పటికే ఫారాల్లో అన్నీ కలిసిపోయాయి. ఇంక ఏది ఏ నదిదో విడదీసేదెవరు?

తినే కప్పల ఫారాలది ఇంకో కథ. కప్ప కదిలేదాన్నే పట్టి తింటుంది కాబట్టి మేపడం పెద్ద తలనొప్పి, పెల్లెట్లకి అలవాటుపడి త్వరగా బరువు పెరిగేది అమెరికన్ బుల్‌ఫ్రాగ్ లాంటివి, అందుకే చాలా దేశాల్లో పెంచేది దాన్నే. అంటే ప్రమాదంలో ఉన్న స్థానిక కప్పకి ఒరిగేది తక్కువే, పైగా బుల్‌ఫ్రాగ్ కప్పల చర్మానికి పట్టి చంపే చిట్రిడ్ ఫంగస్‌ని మోస్తూ తను మాత్రం చాలావరకు బానే ఉంటుంది, తప్పించుకుని బయటపడితే మిగతావాటికి మూడినట్టే. ఈ ఫంగస్ దెబ్బకి కనీసం 501 జాతులు తగ్గిపోయాయని, వాటిలో 90 పూర్తిగా పోయినట్టే అని 2019లో లెక్క తేల్చారు, అది ప్రపంచమంతా పాకడంలో వ్యాపారానికి పెద్ద చెయ్యే ఉంది.

నిజంగా ఫారం పనికొచ్చేది పెంపుడు కప్పల్లో. పాయిజన్ డార్ట్ కప్పలు (రంగురంగుల చిన్న విషపు కప్పలు) కొన్ని గాజు పెట్టెలో తరం తర్వాత తరం పిల్లలు పెడతాయి, ఒకసారి మొదలైతే అడవివైపు చూడక్కర్లేదు. (ఫారంలో పుట్టినవాటికి విషం ఉండదు, ఆ విషం అడవిలో తినే చీమలు, పురుగుల నుంచి వచ్చేదే.) కొలంబియాలో టెసోరోస్ డి కొలంబియా లాంటి సంస్థలు లీగల్‌గా పెంచి ఎగుమతి చేస్తున్నది ఈ ఆలోచనతోనే. ఈ పాయిజన్ డార్ట్ కప్పల్లోనే ఊఫాగా అనే గుంపు జాతులు మాత్రం కష్టం, తల్లి కప్పే ఒక్కో టాడ్‌పోల్‌కి గుడ్లు పెట్టి తినిపించాలి, సంఖ్య పెరగడానికి చాలా టైం పడుతుంది, స్మగ్లర్లు ఎక్కువగా ఎగబడేది కూడా వాటి మీదే.

అడవి నుంచి ఏడాదికి ఇన్నే పట్టాలని పెట్టే కోటాల గురించి పెద్దగా చెప్పను. అడవిలో ఎన్ని ఉన్నాయో లెక్కే లేనప్పుడు ఎన్ని పట్టొచ్చో కాగితం మీద రాసుకోవడం ఉత్త ముచ్చటే.

కాబట్టి నా ఓటు, ప్రమాదంలో ఉన్న జాతులకి బ్యాన్, అదీ కొనే దేశాల వైపు నుంచి కూడా, పెంపుడు వాటిలో తరాలుగా పెంచినవాటికి మాత్రం మినహాయింపు. కొనేవాళ్లు సైటీస్ పర్మిట్‌లో ఆ జంతువు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే సోర్స్ కోడ్ చూసుకోండి. డబ్ల్యూ అంటే అడవిది. సి అంటే పెంపకంలోనే పుట్టి, పెంపకానికి సైటీస్ పెట్టిన రూల్స్ అన్నిటికీ సరిపోయింది. ఎఫ్ అంటే పుట్టింది ఫారంలోనే అయినా సి స్థాయికి రానిది, తల్లిదండ్రులు ఎక్కడివని గట్టిగా అడగాల్సింది ఇక్కడే. ఇక సైటీస్ లిస్టులో లేని జాతులకి, అంటే ఉభయచరాల్లో ఎక్కువ వాటికి, ఈ కాగితం కూడా ఉండదు, పెంచినవాళ్ల దగ్గర తల్లి, తండ్రి జంటని చూపించమని అడిగి, చూపించకపోతే వదిలేసి వచ్చేయండి.