‘స్టేక్స్ ఈజ్ హై’ సీల్డ్ ఎల్పీ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

అమెరికా హిప్ హాప్ బృందం డి లా సోల్ వాళ్ల ‘స్టేక్స్ ఈజ్ హై’ ఎల్పీని, అంటే వినైల్ ప్లేటుని, "1996 ఒరిజినల్, సీల్ కూడా తీయలేదు" అని ఎవరైనా అమ్మజూపితే దయచేసి వెంటనే డబ్బు పంపకండి. నాకు వచ్చింది నకిలీ. 6,800 రూపాయలు పోయాయి. అవే ఫొటోలు ఈమధ్య ఇంకో పేజీలోనూ కనబడ్డాయి. అందుకే రాస్తున్నాను.

ముందుగా, నకిలీలవాళ్లు ఈ ఆల్బమ్ మీదే ఎందుకు పడతారో తెలియాలి. డి లా సోల్ తొలినాళ్ల ఆల్బమ్‌లన్నీ పాత పాటల ముక్కలు, అంటే శాంపిల్స్, పేర్చి కట్టినవి. డిజిటల్ అమ్మకాల ఊసే లేని రోజుల్లో రాసుకున్న ఒప్పందాలవి. ఆ అనుమతుల చిక్కులు, ఆపైన రికార్డు కంపెనీతో డబ్బు తగాదా కలిసి వీటిని ఏళ్ల తరబడి స్ట్రీమింగ్‌కి రానివ్వలేదు. విసిగిపోయిన బృందం 2014 ప్రేమికుల రోజున తమ పాటలన్నీ అభిమానులకు ఉచితంగా ఇచ్చేసింది. చివరికి 2023 మార్చి 3న అవి స్ట్రీమింగ్‌లోకి వచ్చాయి. అది చూడకుండానే బృందంలోని డేవ్ ఫిబ్రవరి 12న కన్నుమూశాడు. ఇన్నేళ్లూ వినాలంటే పాత సీడీలు, పాత ఎల్పీలే దిక్కు. రేట్లు పెరిగాయి, ఆ సందులో దొంగ ప్రెస్సింగులు, అంటే అనుమతి లేకుండా అచ్చుకొట్టిన ప్లేట్లు, దూరాయి.

ఇక నా చేతికి వచ్చిన కాపీ సంగతి. పైన ప్లాస్టిక్ బిగుతుగానే ఉంది, స్టిక్కర్ కూడా ఉంది. అయితే ఆ స్టిక్కర్ మీద అక్షరాల అంచులు పాకినట్టున్నాయి, ఫొటో తీసి మళ్లీ ప్రింట్ చేస్తే వచ్చే మసక అది. వెనక బార్‌కోడ్ గీతలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. అసలు గుట్టు మాత్రం ప్లేటు లోపలి అంచులో బయటపడింది. పాట గాడి అయిపోయాక మధ్యలోని కాగితం లేబుల్ చుట్టూ కాస్త ఖాళీ ఉంటుంది కదా, రనౌట్ అంటారు. తయారీ నంబర్లు, గుర్తులు అక్కడే ఉంటాయి. వెలుగులో ఏటవాలుగా పెట్టి చూస్తే నా ప్లేటు మీద గీరిన నాలుగంకెలు తప్ప ఏమీ లేవు. రికార్డుల వివరాలు, అమ్మకాలు ఉండే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో ఒరిజినల్ పేజీలో ఉన్న నంబరుకీ దీనికీ పొంతనే లేదు.

సౌండ్ సంగతి చెప్పాలంటే బాధేస్తుంది. టైటిల్ పాట హిప్ హాప్ ప్రొడ్యూసర్ జే డిల్లా చేసిన బీట్. జాజ్ కళాకారుడు అహ్మద్ జమాల్ పియానో ముక్కను తీసుకుని కింద బరువైన డ్రమ్స్ వేశాడు. ఆ బేస్ గుండెల్లో మోగాలి. ఈ ప్లేటులో అది డొల్లగా వినిపిస్తోంది, తాళాల శబ్దం ఎంపీ3లో లాగా ‘స్స్’ అని చెదిరిపోతోంది. స్ట్రీమింగ్‌లో వింటేనే ఇంతకన్నా వంద రెట్లు నయం.

హిప్ హాప్ డబ్బు పిచ్చిలో పడి ఎలా పాడవుతోందో కడుపు మండి చెప్పిన ఆల్బమ్ ఇది. ఖరీదైన బ్రాండ్లు, మాఫియా వేషాలు, ఒకర్ని చూసి ఇంకొకరు చేసే ఒకే రకం పాటలు, అన్నిటినీ నిలదీశారు. అలాంటి ఆల్బమ్‌ని ఆ కళాకారులకు పైసా వెళ్లకుండా ముద్రించి ఒరిజినల్ అని అంటగట్టడం నాకు మామూలు మోసంలా అనిపించట్లేదు. పాటలకి డబ్బు సరిగా రాక ఏళ్లపాటు పోరాడినవాళ్లండీ వాళ్లు.

అమ్మినతన్ని అడిగితే ఒకటే జవాబు: "సీల్ తీశారు కాబట్టి వాపసు లేదు." తీయకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? సీల్డ్ అన్న మాటతో వాళ్లు ఆడే ఆట ఇదే. రనౌట్ ఫొటో అడగలేరు, విప్పాక అడిగే హక్కు లేదంటారు. ఆ మాటకు చట్టం ఒప్పుకోదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం నకిలీ వస్తువును, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. కాకపోతే వ్యాపారంగా కాకుండా ఇంట్లో ఉన్న పాత ప్లేటు ఒకటి అమ్ముకునే మనిషికి ఆ నిబంధనలు వర్తించవు. అందుకే ఇలాంటివాళ్లు "నా సొంత కలెక్షన్" అంటూ నమ్మబలుకుతారు. ఒకే ఆల్బమ్‌వి మూడు నాలుగు సీల్డ్ కాపీలు చూపిస్తుంటే అది సొంత కలెక్షన్ ఎలా అవుతుంది? నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. డబ్బు ఇంకా రాలేదు.

కొనే ముందు రనౌట్ ఫొటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి, ఎంత చవకైనా సరే. సీల్డ్ కాపీ అయితే "నకిలీ అని తేలితే వాపసు తీసుకుంటాను" అని చాట్‌లో రాయించుకుని, ప్యాకెట్ విప్పేది మొదటి నుంచి వీడియో తీయండి. వాళ్ల సొంత నంబరుకి యూపీఐ చేస్తే ఆ డబ్బు వెనక్కి రప్పించడం చాలా కష్టం, కార్డు అయితే కనీసం బ్యాంకులో డిస్ప్యూట్ వేయొచ్చు. డిస్కాగ్స్‌లో ‘అనఫీషియల్’ అని గుర్తు పెట్టిన ప్రెస్సింగులను అక్కడ అమ్మనివ్వరు. మీకు చూపిస్తున్న కాపీ వివరాలు అలాంటి ‘అనఫీషియల్’ పేజీతో కలుస్తున్నాయేమో కూడా చూడండి.

పాటలు వినడమే ముఖ్యం అనుకునేవాళ్లకు 1996 కాపీ అక్కర్లేదు. 2023 తర్వాత వచ్చిన అధికారిక రీఇష్యూ అడగండి. నాలాగే ఇదే ఎల్పీ కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే మీ ప్లేటు రనౌట్ ఫొటో పెట్టండి, నా దాంతో పోల్చి చూద్దాం. ఇద్దరివీ ఒకటే అయితే ఫిర్యాదులో రెండూ జత చేయొచ్చు.