వై-ఫై బిగించడానికి వచ్చిన మనిషి అకౌంట్‌లో మీ ఇల్లు ఉందేమో ఈ రోజే చూసుకోండి

మెష్ రౌటర్ (ఇల్లంతా వై-ఫై అందేలా కలిసి పనిచేసే పెట్టెల సెట్), ఫోన్‌తో నడిపే కెమెరాలు, బల్బులు, ప్లగ్గులు అన్నీ ఒకే సెట్‌గా అమ్మి, ఇంటికి వచ్చి తానే బిగించి వెళ్ళే ఆ విక్రేత దగ్గర కొనాలనుకుంటున్నవాళ్ళు ఇది చదివిన తరువాతే డబ్బు చెల్లించండి. అతని పేరు రాయడం లేదు. ఒకసారి మాట్లాడినవాళ్ళకు నేనెవరి గురించి చెబుతున్నానో ఈపాటికే తెలిసి ఉంటుంది. నిన్న రాత్రి ఫోన్‌లో అతడన్న మాట ఇంకా చెవిలోనే ఉంది, కాబట్టి ఎక్కడైనా పరుషంగా రాస్తే మన్నించండి.

మూడు వారాల క్రితం మూడు యూనిట్ల మెష్ రౌటర్, రెండు కెమెరాలు, ఎనిమిది బల్బులు, నాలుగు ప్లగ్గులు కొన్నాను. అతడు ఒక సాయంత్రం వచ్చి రెండు గంటల్లో పని ముగించాడు. అమరిక అంతా తన ఫోన్‌లోనే చేసి, చివర్లో నా ఫోన్‌లో యాప్ వేయించి, ఒక ఆహ్వానం వస్తుంది, ఒప్పుకోండి అన్నాడు. అదేమిటో చదవకుండానే ఒప్పుకున్నాను. బల్బులు వెలిగాయి, హాలు ఫోన్‌లో కనిపించింది, డబ్బిచ్చేశాను.

నాలుగో రోజు నుంచి బల్బులు ఒక్కొక్కటిగా ఆఫ్‌లైన్‌లోకి వెళ్ళడం మొదలుపెట్టాయి. ఎన్నిసార్లు ఫోన్ చేసినా రౌటర్ ఆపి మళ్ళీ ఆన్ చేయండి అనడం తప్ప అతడు మరో మాట చెప్పలేదు. విసిగిపోయి నేనే చదువుకోవడం మొదలుపెట్టాను. ఇలాంటి బల్బులు, ప్లగ్గులలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై మీద మాత్రమే పనిచేస్తాయి, వై-ఫైకి ఉన్న మరో బ్యాండ్ (తరంగ శ్రేణి) అయిన 5 గిగాహెర్ట్జ్‌ను అసలు చూడలేవు. మెష్ రౌటర్ రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టి, ఏ పరికరం ఎందులో ఉండాలో తానే నిర్ణయిస్తుంది. ఫోన్లకు అది సౌకర్యమే గాని, ఈ చిన్న పరికరాలు చాలాసార్లు అక్కడే తడబడతాయి. దానికితోడు 2.4 బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్ళు (సిగ్నల్ వెళ్ళే దారులు) 1, 6, 11 అని మూడే ఉన్నాయి. ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ కాకుండా 40 పెడితే చుట్టుపక్కల ఇళ్ళ సిగ్నళ్ళతో రాపిడి ఎక్కువవుతుంది. వై-ఫై భద్రతా పద్ధతిని 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 మాత్రమే అని పెడితే, 2018కి ముందు తయారైన పరికరాలే కాదు, ఆ తరువాత వచ్చిన చవక రకాలు కూడా చాలావరకు కలవవు. ఇవన్నీ పది నిమిషాల్లో మార్చుకోగల సెట్టింగులే అనుకుని, నిన్న సాయంత్రం యాప్ తెరిచాను.

ఒక్క సెట్టింగూ మారలేదు. ఈ నెట్‌వర్క్ యజమాని మాత్రమే మార్చగలరని యాప్ చెప్పింది. సభ్యుల జాబితా చూస్తే నా పేరు అతిథిగా ఉంది, యజమాని స్థానంలో అతని ఈమెయిల్ ఉంది. గుండె దడదడలాడుతూ కెమెరాల యాప్ తెరిచాను. అక్కడా అంతే.

వెంటనే ఫోన్ చేశాను. అతడు తడబడనైనా లేదు. "అది మీ సౌకర్యం కోసమే మేడమ్, ఏదైనా చెడితే నేనిక్కడి నుంచే బాగుచేస్తాను" అన్నాడు. మరి రెండు వారాలుగా బల్బులు పనిచేయకపోతే ఎందుకు బాగుచేయలేదని అడిగాను. దానికి అతడన్న మాట ఇది: "బాగానే ఉన్నాయి కదా, మొన్న సాయంత్రం మీ అమ్మగారు హాల్లో కూర్చున్నప్పుడు కూడా వెలుగుతూనే ఉన్నాయి."

అతడు మా ఇంటికి వచ్చిన రోజున అమ్మ లేదు. ఆమె వచ్చి వారం రోజులే అయింది, ఆమె గురించి నేనతనితో ఒక్క మాటా చెప్పలేదు. ఆ మాట విన్నాక కొంతసేపు నాకు నోట మాట రాలేదు. మీరు మా ఇంట్లోకి చూస్తున్నారా అని అడిగితే, సిగ్నల్ పరీక్షించడానికి ఒకసారి చూశాను, అందులో తప్పేముందని గొంతు పెంచాడు. "అందరి ఇళ్ళూ నా అకౌంట్‌లోనే ఉన్నాయి, ఎవరూ మీలా గొడవ చేయలేదు" అన్నాడు. నా పేరు మీదికి మార్చమంటే, మళ్ళీ మొదటి నుంచి అమర్చాలి కాబట్టి మళ్ళీ డబ్బివ్వాలని చెప్పి, నేను మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేశాడు.

నేను ఇదంతా రాయడానికి కారణం 'అందరి ఇళ్ళూ' అన్న ఆ మాటే.

నన్ను నేను క్షమించుకోలేని విషయం మరొకటి ఉంది. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హానికర ప్రోగ్రామ్), తయారీదారు పెట్టిన పాస్‌వర్డులను మార్చకుండా వదిలేసిన కెమెరాలలోకి, రౌటర్లలోకి పెద్ద ఎత్తున చొరబడిందని నాకు ముందే తెలుసు. అందుకే వై-ఫై పాస్‌వర్డ్ మార్చితీరాలని ఆ రోజు పట్టుబట్టాను, అతడు నా ఎదుటే మార్చాడు. ఎక్కడో ఉన్న దొంగ గురించి అంత జాగ్రత్తపడి, తాళంచెవి పట్టుకుని ఎదురుగా నిలబడిన మనిషిని మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేను నమ్మినందుకు అమ్మ మూల్యం చెల్లించింది. ఆమెకు ఇంకా చెప్పలేదు, ఎలా చెప్పాలో తెలియడం లేదు.

రాత్రే రెండు కెమెరాలనూ పీకేసి, మెమరీ కార్డులు తీసి దాచాను. రౌటర్ వెనకనున్న చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి రీసెట్ చేస్తే అది అదృష్టవశాత్తు నా అకౌంట్‌లో నమోదయింది. 2.4కు వేరే పేరు, భద్రతకు పాత తరం డబ్ల్యూపీఏ2, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టి, బల్బులనూ ప్లగ్గులనూ రీసెట్ చేసి మళ్ళీ కలిపాను. తెల్లవారేసరికి పన్నెండూ నిలకడగా ఉన్నాయి. అంటే వస్తువుల్లో దోషం లేదు, అతనికి ఆ పని రాదు, లేదా చేయాలనిపించలేదు. కెమెరాలు మాత్రం ఎన్నిసార్లు రీసెట్ చేసినా మరొక అకౌంట్‌కు చెందినవనే చూపుతున్నాయి. పాత యజమాని తనంతట తాను తొలగించాలి, లేకపోతే కొన్నట్టు రుజువు చూపాలని తయారీదారు చెబుతున్నారు. అతడిచ్చిన బిల్లులో 'స్మార్ట్ హోమ్ సెట్ 1' అని మాత్రమే ఉంది, సీరియల్ నంబర్లు లేవు. ఇప్పటికే అతని అకౌంట్‌లో మా ఇంటి దృశ్యాలు ఏవైనా దాచి ఉంటే, వాటిని చెరిపే అధికారమూ నాకు లేదు.

ఇంకా కొననివాళ్ళు అకౌంట్‌ను ముందే మీ ఈమెయిల్‌తో తెరిచి, మీ ఫోన్‌లోనే అమర్చమనండి, బిల్లులో ప్రతి కెమెరా సీరియల్ నంబరూ రాయించుకోండి. ఇప్పటికే అతని దగ్గర కొన్నవాళ్ళు ముందుగా కెమెరాల ప్లగ్గు తీసేయండి, ఆ తరువాతే యాప్‌లో సభ్యుల జాబితా తెరిచి యజమాని ఎవరో చూడండి. అక్కడ మీ ఈమెయిల్ లేకపోతే, అతనికి ఫోన్ చేసే ముందే ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నేను కోపంలో ఆ పని చేయకుండానే ఫోన్ చేశాను.