ఉద్దానం డయాలసిస్ ఖర్చు: గంపగుత్త లెక్కా, విడి లెక్కా?

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్‌కి ఎంత డబ్బు కేటాయించాలో తేల్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి గంపగుత్త లెక్క: విడతకు ఇంతని ఒకే రేటు కట్టి, విడతల సంఖ్యతో హెచ్చవేయడం. ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) ప్యాకేజీల పద్ధతి ఇదే. 2007లో ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. బిల్లు త్వరగా తెములుతుంది, రాతకోతలు తక్కువ. దాని మేలు అంతవరకే.

రెండోది విడి లెక్క. రక్తాన్ని వడకట్టే డయలైజర్, రక్తం గొట్టాలు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, నర్సు సమయం, మిషన్ అరుగుదల, కరెంటు ఒక్కొక్కటీ రాసుకోవాలి. నీళ్లనే చూడండి. నిమిషానికి 500 మిల్లీలీటర్ల డయాలసిస్ ద్రవం చొప్పున నాలుగు గంటలకు 120 లీటర్లు. ఆర్వో ప్లాంటు వదిలేసే నీరు దీనికి అదనం. రోజంతా మిషన్లు తిరిగే కేంద్రంలో విడత ఖర్చు తగ్గుతుంది, సగం రోజు ఖాళీగా ఉండే చోట పెరుగుతుంది. ఒకే రేటులో ఈ తేడా కనపడదు. నష్టం వచ్చే చిన్న కేంద్రం మూతపడితే, ఉద్దానంలోని కవిటి మనిషి ఇంకా దూరం పోవాలి.

అసలు నన్ను కలచివేసేది ఆ దూరమే. వారానికి రెండు మూడుసార్లు ఆటో ఛార్జీ, తోడొచ్చిన వాళ్లకి జీడితోటలో పోయిన కూలి. ఇవి ఆసుపత్రి ఖాతాలో పడవు, ఇంటిని మాత్రం కుంగదీస్తాయి.

నా ఓటు విడి లెక్కకే. అయితే ప్రతి కేంద్రంలో ప్రతి నెలా అక్కర్లేదు, నర్సుల మీద భారం వేయకూడదు. ఏడాదికోసారి కొన్ని పెద్ద, కొన్ని చిన్న కేంద్రాల్లో తీసి, ప్యాకేజీ రేటు దాన్నిబట్టి సవరించాలి. ఆ పట్టికలో రోగి దారి ఖర్చుకీ ఒక గడి ఉండి తీరాలి.