పిల్లల పళ్ల క్లినిక్‌లోనే క్లిప్పులు: చిన్నపిల్లలకు భేష్, పెద్దపిల్లలకు చూసుకుని

పిప్పిపన్నుకు ఫిల్లింగ్ చేసిన చోటే ఎత్తుపళ్లకు క్లిప్పులు కూడా వేస్తామని పిల్లల డెంటల్ క్లినిక్‌లు బోర్డులు పెడుతున్నాయి. చాలాచోట్ల క్లినిక్ నడిపేది పీడోడాంటిస్ట్, అంటే పిల్లల పళ్ల డాక్టర్. క్లిప్పులు వేసేది అప్పుడప్పుడూ వచ్చిపోయే ఆర్థోడాంటిస్ట్, అంటే పళ్ల వరుస సరిచేసే డాక్టర్. ఇద్దరి ఎండీఎస్‌లూ (డెంటల్ పీజీలు) వేరు.

పదేళ్లలోపు పిల్లలకు ఈ ఏర్పాటు బాగా కలిసొస్తుంది. పుచ్చిన పాల దవడపన్ను ముందుగానే తీసేస్తే, ఆరేళ్లప్పుడు వచ్చే పెద్ద దవడపన్ను ఆ ఖాళీలోకి జరుగుతుంది. ఇక అక్కడ రావాల్సిన పన్నుకు చోటుండదు, వంకరగా పొడుచుకొస్తుంది. పన్ను తీసిన వెంటనే కొలత తీసుకుని ఆ ఖాళీ మూసుకుపోకుండా ఆపే తీగ చట్రం (బ్యాండ్ అండ్ లూప్) పెట్టే క్లినిక్ అయితే సగం గొడవ అక్కడే తీరినట్టు. పై ముందుపన్ను ఒక్కటి కిందిపళ్ల వెనక పడినా, చోటుంటే తీసి పెట్టుకునే ప్లేటుతోనే చాలావరకు సరిచేయొచ్చు. వదిలేస్తే ఆ కిందిపన్ను దగ్గర చిగురు జారొచ్చు.

ఏడేళ్లకల్లా ఒకసారి చూపించమని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం చెప్పేది ఇలాంటివి పట్టుకోవడానికే, అందరికీ క్లిప్పులు తగిలించడానికి కాదు. ఎనిమిదేళ్ల పిల్లకు పై ముందుపళ్ల మధ్య చిన్న సందు ఉండటం మామూలే. పదకొండు, పన్నెండేళ్లకు కోరపళ్లు దిగాక చాలామందికి అదే మూసుకుంటుంది. దానికే ప్యాకేజీ చెప్పే క్లినిక్‌ను నమ్మకండి.

తేడా కొట్టేది పెద్దపిల్లలకు వేసే ఫుల్ క్లిప్పుల దగ్గర. బ్రాకెట్ (తీగను పట్టుకునే చిన్న బిళ్ల) అంటించేముందు పన్నుకు 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ రాసి, కడిగి, సుద్దలా తెల్లబడేదాకా ఆరబెడతారు. ఆ తర్వాత ఉమ్మి తగిలిందా, పట్టు పోయినట్టే. వెనక పళ్ల బ్రాకెట్లు తరచూ ఊడేది ఇందుకే. జంతికలు, చెరకు, పల్లీపట్టీ మిగతా పని పూర్తిచేస్తాయి. మొదట 0.014 అంగుళాల సన్నటి నికెల్ టైటానియం తీగతో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి మారుస్తూ పోతారు. విజిటింగ్ డాక్టర్ వెళ్లిన మర్నాడే బ్రాకెట్ ఊడితే? మళ్లీ ఆయన వచ్చేదాకా ఆ పన్ను కదలదు, ఒక్కోసారి వెనక్కీ తిరుగుతుంది. గుచ్చుకునే తీగ కొస కత్తిరించడానికి, గుచ్చుకోకుండా దానిమీద అద్దే మైనం ఇవ్వడానికి రోజూ ఉండే డాక్టర్ చాలు. ఊడినదాన్ని సరైన ఎత్తులో మళ్లీ అంటించడం వాళ్లకు వచ్చో రాదో ముందే అడగండి. ఏడాదిన్నర, రెండేళ్ల వైద్యం మధ్యలో డాక్టర్ మారితే ప్లానే మారిపోవచ్చు. అందుకే ఓపీజీ (పళ్లన్నీ కనిపించే దవడల ఎక్స్‌రే), పక్కనుంచి తీసిన తల ఎక్స్‌రే, ఫొటోలు, పళ్ల అచ్చులు మీ దగ్గరా ఒక కాపీ ఉండాలి.

పీడోడాంటిస్ట్ ఉన్నందుకు దక్కే అసలు లాభం శుభ్రత. క్లిప్పుల చుట్టూ పాచి నిలిస్తే సుద్దమచ్చలు పడతాయి, క్లిప్పులు తీశాకా చాలావరకు పూర్తిగా పోవు. తీగ మార్చిన ప్రతిసారీ బ్రషింగ్ చూసి, మూడు నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్ పూసే చోటైతే కాస్త ఎక్కువైనా ఇవ్వొచ్చు.

డబ్బు కట్టేముందు ప్యాకేజీలో రిటైనర్ (క్లిప్పులు తీశాక పళ్లు మళ్లీ జరగకుండా పెట్టుకునేది) ఉందో లేదో రాయించుకోండి. చాలా బిల్లుల్లో అది విడిగా పడుతుంది. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ రిటైనర్‌ను వేణ్నీళ్లలో కడిగితే వంకర తిరిగిపోతుంది, టిష్యూలో చుట్టి పెడితే హోటల్ చెత్తబుట్టలోకి పోతుంది. రెండోది చేయించడానికి ఎంతవుతుందో కూడా అప్పుడే అడిగేయండి.